ఏఈఓ పాఠాలు – 4: కంటైనరు తలుపు దగ్గర

ఏఈఓ అంటే నమ్మదగిన వ్యాపారి అని కస్టమ్స్ శాఖ ఇచ్చే గుర్తింపు; టీ1, టీ2 అందులో మెట్లు. పోయిన పాఠంలో టీ1 దరఖాస్తు పూర్తిచేశాం. దానికి కాగితాలు చాలు. టీ2 కావాలంటే కస్టమ్స్ వాళ్లు షెడ్డుకే వచ్చి చూస్తారు. దక్షిణ కొరియా, హాంకాంగ్, అమెరికా లాంటి చోట్లతో మనకున్న పరస్పర గుర్తింపు ఒప్పందాలు అక్కరకొచ్చేది ఆ మెట్టు ఎక్కాకే. ఒడిశాలోని మన బరంపురం ఎక్కడుందో తెలియని కొరియా రేవు బుసాన్ అధికారి, మన అధికారి మాట మీద మీ సరుకును తక్కువసార్లు విప్పుతాడు. ఏఈఓ నంబరు కొనుగోలుదారుకు తప్పకుండా పంపండి, లేకపోతే అక్కడి కంప్యూటరుకు మీరెవరో తెలియదు.

ఇక పనిలోకి. ఖాళీ కంటైనరు రాగానే జీడిపప్పు డబ్బాలు ఎక్కించెయ్యకండి. టార్చి, టేపు, చిన్న సుత్తి పట్టుకోండి. చూడాల్సినవి ఏడు: కంటైనరు బయటి అడుగుభాగం, తలుపులు, కుడి గోడ, ఎడమ గోడ, ఎదురు గోడ, కప్పు, లోపలి నేల. ఎదురు గోడ దగ్గర తొందరపడొద్దు. ఇరవై అడుగుల కంటైనరు లోపలి పొడవు సుమారు 5.9 మీటర్లు. టేపు 5.5 దగ్గరే ఆగిందంటే ఆ గోడ వెనక ఇంకో గోడ ఉందేమో, మధ్యలో దొంగసరుకు దాచారేమో చూడాలి. సుత్తితో తట్టండి. పక్క గోడల చప్పుడుకూ దీనికీ తేడా ఉంటే లోడింగ్ ఆపండి. తలుపు రివిట్లలో ఒక్కటే కొత్త రంగుతో మెరుస్తున్నా అనుమానించాల్సిందే.

తలుపుకు వేసే సీలు ఐఎస్ఓ 17712 ప్రమాణం ఉన్న బోల్టు సీలే కావాలి, దాని మీద హెచ్ (హై సెక్యూరిటీ) అక్షరం ఉండాలి. వేశాక నాలుగు పనులు: చూడు, నంబరు సరిపోల్చు, లాగు, తిప్పు. కొత్తల్లుడి చెయ్యి పట్టుకున్నట్టు కాకుండా గట్టిగా లాగండి. దొంగచేతులు పడిన సీలు మర విప్పినట్టు ఊడొస్తుంది, అందుకే తిప్పడం.

నేను దెబ్బతిన్నది సరిపోల్చడంలో. మా కాపలా కుర్రాడు గేటు పుస్తకంలో సీలు నంబరు ఒడియా అంకెల్లో రాశాడు. ఒడియా ఒకటి మన కంటికి 9లా ఉంటుంది. గుమాస్తా 9 అనే కొట్టాడు. కంటైనరు పోర్టులో ఆగింది. టెన్షనూ నాదే, అద్దె కూడా నాదే. కుర్రాణ్ణి ఏమీ అనలేదు. ఏ అంకెలు వాడాలో నేను చెప్తే కదా! ఇప్పుడు సీలు ఫోటో, పుస్తకం పక్కపక్కన పెట్టి ఇద్దరం పైకి చదువుతాం.

అభ్యాసం: ఈ వారం మీ షెడ్డుకొచ్చే ఒక కంటైనరును ఏడు చోట్లా చూసి, ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఐదు నిమిషాల్లో అయిపోయిందంటే అడుగు చూడలేదన్నమాట. వచ్చే పాఠం: ఇచ్ఛాపురం దాటాక డ్రైవరు ఏ ధాబాలో పడుకుంటాడు?