కోరింగ మడ అడవికి వెళ్తే చెట్లని ఇలా చూడండి

కాకినాడ దగ్గర కోరింగకి వెళ్ళి చెక్క బాట మీద సెల్ఫీలు దిగి వచ్చేస్తారు చాలామంది, అసలు చూడాల్సింది కింద బురదలో ఉంది. ముందు టైమ్ చూసుకోండి, సముద్రం పోటు మీదున్నప్పుడు వెళ్తే వేర్లు మునిగిపోయి ఏం కనబడదు, నీళ్ళు తీశాక వెళ్ళాలి.

మడ చెట్ల చుట్టూ పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచినవి వేర్లే, బురదలో గాలి ఆడదు కదా, అందుకని వేరు తనే బయటికొచ్చి ఊపిరి పీల్చుకుంటుంది. ఇంట్లో కుండీకి నీళ్ళెక్కువై కరివేపాకు చచ్చిపోయేది కూడా వేరుకి గాలందకే, దానికి ఈ ఏర్పాటు లేదు పాపం.

తర్వాత మడాకు మీద వేలు రుద్ది నాలిక్కి పెట్టుకోండి, ఉప్పగా ఉంటుంది, చెట్టు తన ఒంట్లో ఎక్కువైన ఉప్పుని ఆకులోంచి బయటికి తోసేస్తుంది. కానీ ఏ చెట్టో తెలీకుండా చెయ్యొద్దు, అక్కడే తిల్ల చెట్టు కూడా ఉంటుంది, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, గైడ్‌ని అడిగాకే ముట్టుకోండి.

అక్కడే ఉండే ఉప్పు పొన్న అనే చెట్టుకి ములక్కాడల్లా వేలాడేవి కాయలనుకునేరు, గింజ చెట్టు మీదే మొలకెత్తేసింది, రాలగానే బురదలో పాతుకోడానికి రెడీగా ఉంటుంది.