అద్దె ఇంట్లో మీ హక్కులు: అగ్రిమెంటు సంతకం నుంచి అడ్వాన్సు తిరిగి వచ్చేదాకా

హైదరాబాదులో అద్దెకుండే కుటుంబాల్లో చాలామంది బీరువాలో ఒకే రకం కాగితం కనిపిస్తుంది. వంద రూపాయల స్టాంపు పేపరు, పదకొండు నెలల గడువు, కింద నోటరీ ముద్ర. వీధి చివరి జిరాక్సు షాపులో ఎప్పటినుంచో ఉన్న నమూనాలో పేర్లూ అద్దె అంకే మార్చి అచ్చు తీసి ఇస్తారు. అది ఉంది కదా అని అందరూ ధీమాగా ఉంటారు. గొడవ ముదిరి వకీలు దగ్గరికి వెళ్ళిన రోజున ఆ కాగితం అనుకున్నంత గట్టిది కాదని తెలుస్తుంది. కాగితంలో ఒక్క ముక్క రాసి లేకపోయినా చట్టమే ఇచ్చిన రక్షణలు కొన్ని ఉన్నాయన్న సంగతి కూడా చాలామందికి ఆ రోజే తెలుస్తుంది. ఇల్లు వెతుక్కునే ముందే ఈ రెండూ తెలుసుకుంటే సగం చిక్కులు రావు.

మొదట మీ ఇంటికి ఏ చట్టం వర్తిస్తుందో చూసుకోవాలి. తెలంగాణలో అద్దె నియంత్రణ చట్టం 1960 నాటిది. బలమైన కారణం చూపకుండా ఖాళీ చేయించకుండా అద్దెదారును కాపాడేది అదే. అయితే 2005లో వచ్చిన సవరణతో, నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు, ఇతర చోట్ల 2,000 రూపాయలు దాటిన ఇళ్ళు దాని పరిధి నుంచి బయటికి వెళ్ళిపోయాయి. ఈ రోజు నగరంలో మూడున్నర వేలకు ఒంటి గది దొరకడమే గగనం కాబట్టి, పాతబస్తీలోనో సికింద్రాబాదు పాత వీధుల్లోనో దశాబ్దాలుగా తక్కువ అద్దెకు ఉంటున్నవారికి తప్ప ఆ చట్టం ఇప్పుడు దాదాపు ఎవరికీ అందదు. మిగిలిన వారందరికీ దిక్కు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. ఆంధ్రప్రదేశ్ 2017లో తన సొంత అద్దె చట్టం చేసుకుంది కనుక, 1960 చట్టం గురించి ఇక్కడ చెప్పేది అక్కడివారు యథాతథంగా తీసుకోకూడదు. రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదని వాట్సాప్‌లో తిరిగే మాట 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా చట్టంలోనిది. రాష్ట్రం దాన్ని తన శాసనంగా చేసుకుంటే తప్ప అది ఎవరినీ కట్టిపడేయదు, కాబట్టి ఆ సందేశం చూపించి హైదరాబాదులో ఓనరుతో వాదనకు దిగితే లాభం లేదు.

పదకొండు నెలల సంగతికి వస్తే, ఏడాది దాటిన లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న కేంద్ర చట్టంలోని నిబంధనను బట్టి దేశమంతా ఆ అలవాటు పుట్టింది. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి, 1999 ఏప్రిల్ నుంచి గడువుతో నిమిత్తం లేకుండా స్థిరాస్తి లీజులన్నింటికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు. అంటే ఢిల్లీలో పనికొచ్చే పదకొండు నెలల ఉపాయం మన రెండు రాష్ట్రాల్లో పనికిరాదు. నోటరీ చేయించడం రిజిస్ట్రేషన్ కాదు. సంతకం ఫలానా వారిదేనని నోటరీ చెప్పగలడు గానీ అంతకు మించి ఆ ముద్రకు విలువ లేదు. రిజిస్టరు కాని లీజు పత్రాన్ని కోర్టులో చూపించి అందులోని షరతులను రుజువు చేయలేము, ఇంట్లో మనం అద్దెదారులుగానే ఉన్నామని చెప్పడం వంటి పక్క విషయాలకు మాత్రమే దాన్ని వాడుకోవచ్చు. స్టాంపు సుంకం తక్కువగా ఉంటే, జరిమానాతో సహా కట్టేదాకా కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు. వీలైతే సబ్-రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరు చేయించుకోవడమే ఉత్తమం. ఓనరు ఒప్పుకోడన్నది నిజమే, నూటికి తొంభై మంది ఒప్పుకోరు. అప్పుడు చేయగలిగిందేమిటంటే, అడ్వాన్సూ అద్దే ప్రతి పైసా బ్యాంకు ద్వారానే పంపడం, అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తిరిగి ఇస్తారు అన్న మాటలను ఫోన్‌లో కాకుండా మెసేజీలో అడిగి జవాబు రాబట్టుకోవడం. కాగితం నిలబడని చోట ఇవి నిలబడతాయి.

సంతకానికి ముందు అగ్రిమెంటులో అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది ఖాళీ చేసేటప్పటి లెక్కల గురించిన వాక్యాలను. ఇది నాకు ఖర్చుపెట్టి నేర్చుకున్న పాఠం. ఒక రెండు బెడ్రూముల ఇంట్లో నాలుగేళ్ళు 18,000 అద్దెకు ఉన్నాం, అడ్వాన్సు 36,000. ఖాళీ చేసిన రోజున ఓనరు కాలిక్యులేటరు తీసి పెయింటింగుకు ఒక నెల అద్దె 18,000, క్లీనింగుకు 2,500, చివరి కరెంటు బిల్లు 1,700 అని తీసేసి 13,800 చేతిలో పెట్టాడు. కరెంటు బిల్లు న్యాయమే. పెయింటింగు మాట చూస్తే, అగ్రిమెంటు మూడో పేజీలో చిన్న అక్షరాల్లో నిజంగానే ఉంది, చదవకుండా సంతకం పెట్టింది నేనే. క్లీనింగు మాత్రం ఎక్కడా లేదు. ఇల్లు తుడిపించి ఇచ్చినట్టు నా ఫోన్‌లో ఫోటోలున్నాయి కాబట్టి ఆ 2,500 తర్వాత వారం అడిగి తెచ్చుకున్నాను. వాడుక వల్ల సహజంగా వచ్చే అరుగుదల, మార్పు మినహా ఇంటిని తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలని ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షను చెబుతుంది. అంటే నాలుగేళ్ళకు వెలిసిన సున్నానికి అద్దెదారు బాధ్యుడు కాడు, పగిలిన వాష్‌బేసినుకు బాధ్యుడే. కానీ అందుకు విరుద్ధంగా ఒప్పుకుని సంతకం పెడితే ఆ ఒప్పందమే చెల్లుతుంది. పెయింటింగు షరతు కొట్టేయమని దిగకముందే అడగండి. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు బేరమాడే బలం మీకుంటుంది, సామాను దించాక ఉండదు. తాళం చెవి తీసుకున్న రోజునే గోడలు, కుళాయిలు, గీజరు, తలుపుల గొళ్ళేలు, ముఖ్యంగా కరెంటు మీటరు రీడింగు ఫోటోలు తీసి ఓనరుకు పంపించి ఉంచుకోవాలి.

కరెంటు విషయంలో మీటరు విడిగా ఉందో లేదో చూసుకోండి. మూడు పోర్షన్లకు ఒకే మీటరు పెట్టి సబ్‌మీటరుతో లెక్కేస్తే, అందరి యూనిట్లూ కలిసి పై శ్లాబుకు ఎగబాకి, తక్కువ వాడిన వారికి కూడా ఎక్కువ ధర పడుతుంది. విడి సర్వీసు నంబరు ఉంటే, అర్హతలున్న అద్దెదారులు గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఓనరు నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న కారణంతో అద్దెదారుకు కరెంటు నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2022లో స్పష్టంగా చెప్పింది. ఖాళీ చేయించడానికి నీళ్ళు ఆపేయడం, ఫ్యూజు పీకేయడం మన దగ్గర పాత పద్ధతి. 1960 చట్టం వర్తించే ఇళ్ళలో దానిపై రెంట్ కంట్రోలరును, అంటే ఆ చట్టం కింద అద్దె తగాదాలు విచారించే అధికారిని ఆశ్రయించవచ్చు, మిగిలినవారు సివిల్ కోర్టులో తాత్కాలిక ఇంజంక్షన్, అంటే అలా చేయకుండా ఆపే ఉత్తర్వు కోరవచ్చు.

మరమ్మతుల విషయంలో అద్దెదారుకు ఒక హక్కు ఉంది, వాడుకునేవారు మాత్రం తక్కువ. ఓనరు చేయించాల్సిన మరమ్మతును, మీరు నోటీసు ఇచ్చాక కూడా సబబైన వ్యవధిలో చేయించకపోతే, మీరే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చని అదే 108వ సెక్షను చెబుతుంది. ఉదాహరణకు వానాకాలంలో స్లాబు కారుతోందనుకోండి. నోటిమాటగా పదిసార్లు చెప్పడం కంటే, తేదీ వేసి, కారుతున్న చోటు ఫోటో జతచేసి, పది రోజుల్లో చేయించకపోతే నేనే చేయించి అద్దెలో తగ్గించుకుంటానని ఒక్కసారి రాతపూర్వకంగా పంపండి. బిల్లు లేకుండా మాత్రం మేస్త్రీకి డబ్బివ్వకండి. ఏది ఓనరు పని, ఏది అద్దెదారు పని అన్నది అగ్రిమెంటులో రాసుకుంటే మేలు. మోటారు, డ్రైనేజీ, స్లాబు ఓనరువి, బల్బులు, కుళాయి వాషర్లు అద్దెదారువి అని సాధారణంగా పంచుకుంటారు. అద్దె సక్రమంగా కడుతున్నంత కాలం ఆటంకం లేకుండా ఇంట్లో ఉండే హక్కు మీది, కనుక మారుతాళంతో చెప్పాపెట్టకుండా లోపలికి రావడానికి ఓనరుకు అధికారం లేదు. చూడడానికి వచ్చేముందు ఒక రోజు ముందుగా చెప్పాలని ఒక వాక్యం రాయించుకుంటే మొహమాటం ఉండదు.

అద్దె పెంపుపై, నియంత్రణ చట్టం బయట ఉన్న ఇళ్ళకు, పరిమితి ఏదీ లేదు. అయితే గడువు మధ్యలో ఓనరు ఏకపక్షంగా పెంచలేడు. ఏటా ఐదు శాతమో పది శాతమో ముందే రాసుకోవడం నగరంలో ఆనవాయితీ. అద్దె తీసుకోకుండా మొండికేసి, తర్వాత కట్టలేదని కేసు వేసే ఓనర్లూ ఉంటారు. 1960 చట్టం కింద ఉన్నవారు బ్యాంకు పేరు చెప్పమని నోటీసు ఇవ్వాలి, బదులు రాకపోతే మనియార్డరు పంపాలి, అదీ తిరిగొస్తే కంట్రోలరు వద్ద జమ చేయాలి. ఈ వరుస తప్పకూడదు. ఉద్యోగులు పాత పన్ను విధానంలో ఇంటి అద్దె మినహాయింపు కోరితే, ఏడాది అద్దె లక్ష దాటినప్పుడు ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. అది ఇస్తారో లేదో ముందే అడగాలి. నెలకు 50,000 దాటితే అద్దెదారే రెండు శాతం పన్ను కోసి కట్టాలి. ఓనరు అమెరికాలో ఉంటున్న ప్రవాసుడైతే లెక్క పూర్తిగా మారుతుంది: అద్దె ఎంత చిన్నదైనా పన్ను కోయాల్సిందే, రేటు ముప్పై శాతం పైమాటే. ఐటీ కారిడారులో ఇలాంటి ఫ్లాట్లు బోలెడు. అద్దెను ఊళ్ళో ఉన్న ఓనరు నాన్నగారి ఖాతాకు పంపినంత మాత్రాన ఈ బాధ్యత తీరదు.

ఇక ఖాళీ చేయడం. వేరే ఒప్పందం ఏదీ లేకపోతే నివాస గృహం అద్దెను నెలనెలా సాగే లీజుగా ఆస్తి బదిలీ చట్టంలోని 106వ సెక్షను భావిస్తుంది. దాన్ని ముగించాలంటే ఎవరైనా సరే రాతపూర్వకంగా, సంతకంతో, 15 రోజుల నోటీసు ఇవ్వాలి, ఆ రోజుల లెక్క నోటీసు అందిన నాటి నుంచి మొదలవుతుంది. గడువు ముగిసినా ఓనరు అద్దె తీసుకుంటూ ఉంటే నెలవారీ అద్దెదారుగా కొనసాగుతున్నట్టే లెక్క. అంటే గడువు దాటిన మరునాడే మీరు అక్రమంగా ఉంటున్నవారు కారు, కానీ మీ చేతిలో మిగిలే భరోసా 15 రోజులదే. పిల్లల స్కూలు మధ్యలో ఉన్నవారికి అది ఏ మూలకూ చాలదు కాబట్టి, గడువు తీరకముందే కొత్త అగ్రిమెంటు రాసుకుని రెండు నెలల నోటీసు షరతు పెట్టించుకోవాలి. ఇల్లు అమ్మేశాం, కొన్నవాళ్ళు దిగుతారు, నెలాఖరుకు వెళ్ళిపోండి అంటే కంగారు పడనక్కర్లేదు. పాత ఓనరు స్థానంలోకి కొత్త ఓనరు వస్తాడంతే, లీజు దానంతట అది రద్దు కాదు. మీ అడ్వాన్సు కొత్త ఓనరుకు అందినట్టు ఇద్దరిచేతా రాయించుకోవడం మాత్రం మరిచిపోకూడదు.

నోటీసు గడువు ముగిసినా సరే, మీరు ఖాళీ చేయకపోతే ఓనరు కోర్టుకు వెళ్ళి తీర్పు తెచ్చుకోవాలే తప్ప బలవంతంగా బయటికి గెంటడానికి వీల్లేదు. తాళాలు మార్చడం, సామాను వీధిలో పడేయడం, మనుషులను పంపడం చట్టవిరుద్ధం. అలాంటిది జరుగుతుంటే వెంటనే 112కు ఫోన్ చేయాలి. ఇది సివిల్ తగాదా, మేం కలగజేసుకోం అని పోలీసులు అనవచ్చు. అద్దె బకాయి సివిల్ తగాదాయే కానీ, దౌర్జన్యం కాదని గట్టిగా చెప్పి ఫిర్యాదు రాసివ్వాలి. నిజంగానే వెళ్ళగొట్టేస్తే, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం ఆరో సెక్షను కింద ఆరు నెలల లోపు దావా వేసి ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్న రాదు, ఎవరు ఉంటున్నారు, వారిని చట్టప్రకారం కాకుండా తీసేశారా అన్నదే చూస్తారు. రిజిస్టరు కాని అగ్రిమెంటు కూడా మీరు అక్కడ ఉంటున్నారని చూపడానికి ఇక్కడ ఉపయోగపడుతుంది. దానికి గ్యాసు బిల్లు, ఆన్‌లైన్ డెలివరీ రసీదులు తోడైతే ఇంకా మంచిది.

అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోతే తాళాలు అప్పగించిన తేదీ కీలకం అవుతుంది. తాళాలు వాచ్‌మన్ చేతిలో పెట్టి వచ్చేయకండి. ఓనరుతో కలిసి ఇల్లంతా తిరిగి, మీటరు రీడింగు, తాళాల సంఖ్య, రావాల్సిన మొత్తం, ఇచ్చే తేదీ ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఇవ్వకపోతే వకీలు నోటీసు, ఆపై డబ్బు రాబట్టే దావా. దానికి మూడేళ్ళ గడువుంది. ముప్పై నలభై వేల కోసం కోర్టు చుట్టూ తిరగలేమనుకునేవారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి పిలిపించవచ్చు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలును కూడా ఉచితంగా ఇస్తారు. ఇందుకు ఫోన్ నంబరు 15100.