రోమ్‌లో పైసా ఖర్చు లేకుండా: కొత్తగా వచ్చినవారికి సూచనలు

రోమ్‌కు చదువుకో ఉద్యోగానికో వచ్చిన కొత్తలో చేతిలో డబ్బు ఆడదు. గది అడ్వాన్సు, పెర్మెస్సో (ఇటలీలో ఉండటానికి అనుమతి పత్రం) దరఖాస్తు రుసుము, దుప్పట్లు, గిన్నెలు అంటూ మొదటి నెల ఇట్టే కరిగిపోతుంది. అలాగని ఊరు చూడటం మానుకోనక్కర్లేదు. ఈ ఊరి గొప్ప చిత్రాలూ శిల్పాలూ చాలావరకు చర్చిల్లోనే ఉన్నాయి, వాటికి టికెట్ లేదు. చేతి చమురు వదిలేది ఎక్కువగా వేళ తప్పి వెళ్లినప్పుడే. ఒంటిగంటకు వెళ్తే చర్చి తలుపు మూసి ఉంటుంది, ఎండ మాడుస్తుంది, దాహం వేస్తుంది, ఎదురుగా హోటల్ కుర్చీలు కనిపిస్తాయి. అక్కడ కూర్చున్నారంటే ఇరవై యూరోలు పోయినట్టే. అందుకే ఈ సూచనల్లో వారాలూ వేళలే ఎక్కువ.

ముందు నీళ్ల సంగతి. వీధుల్లో నడుమెత్తు పోత ఇనుప కుళాయిలు రాత్రింబవళ్లు కారుతూ కనిపిస్తాయి. వంగిన గొట్టం ముక్కులా ఉంటుందని వీటిని ‘నసోనె’ అంటారు, అంటే పెద్ద ముక్కు. 1874 నుంచి ఉన్నాయి, ఊరంతా కలిపి దాదాపు 2,500. ఇంటి కుళాయిల్లో వచ్చే తాగునీరే వీటిలోనూ వస్తుంది, ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది. గొట్టం పైభాగాన చిన్న రంధ్రం ఉంటుంది. కింద నీళ్లు పడేచోట వేలితో మూస్తే ఆ రంధ్రంలోంచి ధార పైకి లేస్తుంది, వంగి నోటితో తాగొచ్చు. గట్టిగా, ఒక్కసారిగా మూస్తే చొక్కా తడుస్తుంది, మెల్లగా మూయాలి. ‘నోన్ పోతాబిలె’ అని రాసి ఉన్న చోట మాత్రం తాగకూడదు. కొలోసియం మెట్రో స్టేషన్ బయట నీటి సంస్థ పెట్టిన యంత్రంలో మామూలు నీళ్లూ, గ్యాస్ నీళ్లూ రెండూ ఉచితంగా పట్టుకోవచ్చు. దానికి కాస్త దూరంలోనే బండ్ల మీద అర లీటరు సీసా రెండు మూడు యూరోలకు అమ్ముతుంటారు. సంచిలో ఖాళీ సీసా ఉంటే ఆ బండి జోలికి పోనక్కర్లేదు.

అదే సంచిలో ఒక చున్నీనో పలుచని కండువానో కూడా పడేసుకోండి. చర్చిల్లోకి భుజాలు, మోకాళ్లు కనిపించే బట్టలతో రానివ్వరు, ఇది మగవాళ్లకూ వర్తిస్తుంది. సెయింట్ పీటర్స్ దగ్గర నిక్కర్లతో వచ్చినవాళ్లను వెనక్కి పంపేస్తారు, అప్పుడు పక్క దుకాణంలో కాగితంలాంటి గుడ్డ కొనుక్కోవాల్సి వస్తుంది. చెప్పులు వద్దు. పాత ఊరంతా ‘సంపియెత్రీని’ అనే నల్లరాతి దిమ్మల దారులే. గంటసేపట్లో మడమలు నొప్పి పుడతాయి, వాన పడితే జారుతుంది కూడా.

చర్చిల వేళలు

చాలా చర్చిలు ఉదయం ఏడు ఎనిమిది మధ్య తెరిచి, పన్నెండు పన్నెండున్నరకు మూసేస్తారు. మళ్లీ తెరిచేది మూడున్నరకో నాలుగుకో. ఆదివారం ఉదయం పూజలు ఉంటాయి కాబట్టి తిరిగి చూడటానికి కుదరదు. సెయింట్ పీటర్స్, సాంతా మరియా మజ్జోరె, లాతెరానో, సెయింట్ పాల్స్ అనే నాలుగు పెద్ద బసిలికాలు మధ్యాహ్నం మూయవు. కాబట్టి చిన్న చర్చిలు పొద్దున, పెద్దవి మధ్యాహ్నం అని పెట్టుకుంటే ఎండపూట చల్లని పాలరాతి నీడలో గడిచిపోతుంది. పోప్ ఫ్రాన్సిస్ సమాధి ఉన్నది 2025 నుంచి సాంతా మరియా మజ్జోరెలోనే. తెర్మీని స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దగ్గర.

ఒక ఉదయానికి సరిపడే దారి ఇది. ఫ్లమీనియో మెట్రోలో దిగి పియాజ్జా దెల్ పోపొలో చేరండి. ద్వారం పక్కనే ఉన్న సాంతా మరియా దెల్ పోపొలో చర్చిలో, ముందుభాగాన ఎడమవైపు చిన్న గదిలో కారవాజ్జో గీసిన చిత్రాలు రెండు ఎదురెదురుగా ఉంటాయి. ఒకదాంట్లో పౌలు గుర్రం మీంచి పడి ఉంటాడు, రెండోదాంట్లో పేతురును తలకిందులుగా సిలువ ఎత్తుతుంటారు. అక్కణ్ణుంచి వియా ది రిపెత్తా పట్టుకుని తిన్నగా నడిస్తే సాంత్ అగొస్తీనో చర్చి. అక్కడ యాత్రికుల మురికి పాదాలను ముందుపెట్టి గీసిన కారవాజ్జో మరియమ్మ చిత్రం ఉంది, అదే చర్చిలో ఒక స్తంభం మీద రాఫెల్ గీసిన యెషయా ప్రవక్త. రెండు నిమిషాలు నడిస్తే సాన్ లుయీజి దేయి ఫ్రాంచేజి. లోపల ఎడమవైపు చివరి గదిలో మత్తయి కథ మూడు చిత్రాలుగా ఉంది. మొత్తం ఆరు కారవాజ్జోలు, ఒక్క టికెట్ లేకుండా.

ఇక్కడొక తిరకాసు. ఆ గదులు చీకటిగా ఉంటాయి. పక్కన డబ్బాలో నాణెం వేస్తే కాసేపు దీపం వెలుగుతుంది. మీరు వెయ్యనక్కర్లేదు, ఐదు నిమిషాలు ఓపిక పడితే ఎవరో ఒకరు వేస్తారు. అయితే మిట్టమధ్యాహ్నానికి కాస్త ముందు వెళ్లి గుంపులో నిలబడితే దీపం వెలిగినా ముందువాళ్ల తలలే కనిపిస్తాయి. తొమ్మిదికే వెళ్లండి.

ఆ తర్వాత పాంథియన్ అనే పాత రోమన్ గుడి పక్క సందులో సాంతా మరియా సోప్రా మినెర్వా. ముందు బెర్నీని రూపకల్పన చేసిన రాతి ఏనుగు వీపున ఈజిప్టు స్తంభం మోస్తూ నిలబడి ఉంటుంది. మన గుళ్ల ఏనుగులను చూసిన కంటికి ఇది కొంచెం ముద్దుగా, కొంచెం వింతగా ఉంటుంది. లోపల మైకెలాంజిలో చెక్కిన క్రీస్తు విగ్రహం ఉంది. ఇంకో నాలుగు అడుగులు వేస్తే సాంత్ ఇన్యాజియో. పైన కనిపించే గుమ్మటం నిజం కాదు, ఆంద్రెయా పోత్సో బల్లపరుపు కప్పు మీద వేసిన బొమ్మ. నేల మీద ఉన్న గుండ్రని రాయి మీద నిలబడితే నిజమే అనిపిస్తుంది, పక్కకు జరిగితే ఒరిగిపోతుంది. సెల్ఫీల కోసం పెట్టిన అద్దం దగ్గర పొడుగాటి వరుస ఉంటుంది. అది వదిలేయండి, తలెత్తి చూస్తే చాలు. ఈ నడకంతా రెండు కిలోమీటర్లకు కాస్త అటూఇటూ.

కొలోసియం వైపు వెళ్లిన రోజు సాన్ పియెత్రో ఇన్ వింకొలి మర్చిపోవద్దు. మెట్లెక్కి పది నిమిషాలు నడిస్తే మైకెలాంజిలో మోషే విగ్రహం ముందుంటారు.

పాంథియన్‌కు 2023 జూలై నుంచి 5 యూరోల టికెట్ పెట్టారు. నెల మొదటి ఆదివారం ఉచితం. రోమ్ నగరపాలక సంస్థలో నివాసం నమోదైనవారికి ఎప్పుడూ ఉచితమే, అందుకే ‘రెసిదెంజా’ పని తొందరగా పూర్తి చేసుకోవడం అన్నివిధాలా మంచిది. త్రేవి ఫౌంటెన్‌కూ ఇదే వర్తిస్తుంది. నీటి అంచు దాకా దిగాలంటే 2026 ఫిబ్రవరి నుంచి ఉదయం మొదలుకొని రాత్రి పదింటి దాకా పర్యాటకుల దగ్గర 2 యూరోలు తీసుకుంటున్నారు, నగరవాసులకు లేదు. పైన నిలబడి చూడటానికి ఎవరికీ రుసుము లేదు. పొద్దున్నే ఆరుగంటలకు వెళ్తే నీటి చప్పుడు కూడా వినబడుతుంది.

మొదటి ఆదివారం, చివరి ఆదివారం

ప్రతి నెల మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియంలు, పురావస్తు స్థలాలు అందరికీ ఉచితం. ఏప్రిల్ 25, జూన్ 2, నవంబర్ 4 తేదీల్లోనూ అంతే. అందరూ పొద్దున్నే లేచి కొలోసియం దగ్గరికి పరుగెడతారు. ఆ రోజు ఉచిత టికెట్ ఆన్‌లైన్‌లో దొరకదు, కౌంటర్ దగ్గరే తీసుకోవాలి, వరుస గంటల తరబడి సాగుతుంది. కొలోసియాన్ని బయటినుంచి చుట్టూ తిరిగి చూడటం ఏ రోజైనా ఉచితమే కాబట్టి మొదటి ఆదివారాన్ని దానికి ఖర్చు చేయకండి. బోర్గేజె గ్యాలరీకి ఆ రోజు కూడా ముందుగా బుక్ చేసుకోవాలి, ఆ స్లాట్లు తొందరగా అయిపోతాయి.

తెర్మీని ఎదురుగా ఉన్న పలాజ్జో మాస్సిమోకు వెళ్లండి. జనం తక్కువ. అలసిపోయి కూర్చున్న కంచు మల్లయోధుడు, అగస్టస్ చక్రవర్తి భార్య లివియా ఇంటి గోడల నుంచి తెచ్చిన తోట చిత్రాలు ఇక్కడున్నాయి. నేలమాళిగలో నాణేల సేకరణ ఉంది, చాలామంది అక్కడిదాకా దిగరు. మనవాళ్లు దిగాలి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల మీద ఉన్నది అగస్టస్, తిబేరియస్‌ల ముఖాలే. శాతవాహనుల కాలంలో మన రేవులకు చేరిన డబ్బు ఎక్కణ్ణుంచి బయల్దేరిందో ఆ గాజు పెట్టెల ముందు నిలబడితే అర్థమవుతుంది.

రోజంతా ఉంటే ఓస్తియా ఆంతికా. పిరమిదె మెట్రో పక్కనున్న పోర్తా సాన్ పావొలో స్టేషన్ నుంచి రైలు, మామూలు 1.50 యూరోల సిటీ టికెట్టే చెల్లుతుంది. పాత ఓడరేవు పట్నం మొత్తం వీధులు, స్నానశాలలు, నాటకశాలతో సహా మిగిలి ఉంది. మూడు గంటలైనా పడుతుంది, నీడ తక్కువ, టోపీ పెట్టుకోండి.

నెలనెలా చివరి ఆదివారం వాటికన్ మ్యూజియంలు ఉదయం 9 నుంచి 2 గంటల దాకా ఉచితం, లోపలికి పంపేది 12.30 వరకే. ఆ ఆదివారం ఈస్టర్ గానీ, జూన్ 29, డిసెంబర్ 25, 26 తేదీలు గానీ అయితే ఉండదు. వరుసలో రెండు గంటలు నిలబడే ఓపిక ఉంటేనే వెళ్లండి. సిస్టీన్ చాపెల్‌లో ఆ రోజు ఇసుక వేస్తే రాలనంత జనం.

సెయింట్ పీటర్స్ లోపలికి ఎప్పుడూ ఉచితమే, గుమ్మటం ఎక్కడానికే డబ్బు. ఏడుంబావుకల్లా చేరితే భద్రతా తనిఖీ పావుగంటలో అయిపోతుంది, పదింటికి గంటన్నర. బుధవారం ఉదయం వద్దు, పోప్ సభ జరుగుతుంటే లోపలికి పంపరు. సభకే వెళ్లాలనుకుంటే దాని టికెట్ కూడా ఉచితం, ముందురోజు సాయంత్రం కంచు తలుపు దగ్గర స్విస్ గార్డులు ఇస్తారు. దాన్ని ఎవరైనా డబ్బుకు అమ్మజూపితే మోసమే. ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకు కిటికీ నుంచి పోప్ చేసే ప్రార్థనకు టికెట్ అసలే లేదు.

సాయంత్రాలు

పాత రోమ్ నడిబొడ్డైన ఫోరం శిథిలాలకు టికెట్ కొనలేని రోజున కాంపిదోలియో గుట్ట ఎక్కండి. మైకెలాంజిలో రూపొందించిన చౌకం దాటి, మేయర్ భవనం పక్కనుంచి వెనక్కి వెళ్తే కుడివైపూ ఎడమవైపూ రెండు వరండాల్లాంటి చోట్లు. ఫోరం మొత్తం కాళ్ల కింద పరిచినట్టుంటుంది, రాత్రి దీపాలు పెడతారు.

అవెంతీనో గుట్ట మీద నారింజ తోట, దాని పక్కనే ఐదో శతాబ్దపు సాంతా సబీనా చర్చి, ఇంకాస్త ముందుకెళ్తే మాల్టా యోధుల ద్వారం. ఆ తలుపు తాళం రంధ్రంలో కన్నుపెడితే చెట్ల వరుస చివర సెయింట్ పీటర్స్ గుమ్మటం సరిగ్గా మధ్యలో కనిపిస్తుంది. సాయంత్రం వరుస ఉంటుంది, పొద్దున ఉండదు. జానికొలో గుట్ట మీద రోజూ మధ్యాహ్నం పన్నెండుకు ఫిరంగి పేలుస్తారు, చిన్నపిల్లలుంటే ముందే చెప్పి ఉంచండి.

పులిహోర డబ్బా పట్టుకుని ఆదివారం వెళ్లదగ్గ చోటు నీటికాలువల పార్కు. మెట్రో ఎ లైన్‌లో జూలియో అగ్రికొలా దగ్గర దిగి పదిహేను నిమిషాలు నడవాలి. పచ్చిక మీద రెండువేల ఏళ్లనాటి రాతి కమానులు, వాటి నీడలో కూర్చుని తినే కుటుంబాలు. ఊళ్లో గుడి మెట్లమీద కూర్చున్నట్టు స్పానిష్ మెట్ల మీద కూర్చుని తినకండి. కూర్చుంటే చాలు, 250 యూరోల జరిమానా. ఫౌంటెన్లలో కాళ్లు పెట్టినా జరిమానాయే.

ఉచితం పేరుతో వచ్చే ఖర్చులూ ఉన్నాయి. చేతికి దారం కడతామనేవాళ్లు, పువ్వు చేతిలో పెట్టేవాళ్లు, రోమన్ సైనికుడి వేషంలో ఫొటోకు రమ్మనేవాళ్లు చివర్లో డబ్బు అడుగుతారు. ‘నో గ్రాత్సియె’ అని ఆగకుండా నడవండి. ‘ఫ్రీ వాకింగ్ టూర్’ అనేది కూడా ఉచితం కాదు, గైడ్‌కు టిప్పే జీతం, ఇవ్వకుండా జారుకోవడం మర్యాద కాదు. తెర్మీని నుంచి వాటికన్ వెళ్లే 64 నంబరు బస్సులో పర్సు ముందు జేబులో ఉండాలి. టికెట్ కొన్నాక యంత్రంలో ముద్ర వేయించకపోతే కొననట్టే లెక్క, జరిమానా 50 యూరోలు దాటుతుంది.

క్యాలెండర్లో రెండు రోజులు గుర్తు పెట్టుకోండి. పెంతెకొస్తు ఆదివారం (ఈస్టర్ తర్వాత ఏడో ఆదివారం) పాంథియన్‌లో పూజ ముగిశాక అగ్నిమాపక సిబ్బంది గుమ్మటం మీదికెక్కి, నడినెత్తిన ఉన్న రంధ్రంలోంచి ఎర్ర గులాబీ రేకులు కురిపిస్తారు. ఆగస్టు 5న సాంతా మరియా మజ్జోరెలో కప్పు నుంచి తెల్ల రేకులు రాలుస్తారు, ఎండాకాలంలో మంచు కురిసిందన్న పాత కథకు గుర్తుగా. పాంథియన్ పూజ పదిన్నరకు, ఎనిమిదిన్నరకే వరుసలో ఉంటేగానీ లోపల చోటు దొరకదు. మజ్జోరె పెద్దది, గంట ముందు చేరితే చాలు.