లేయర్ ఫారం కోడిని ఇంటికి తెచ్చాక: ఏది జబ్బు, ఏది కాదు

గుడ్లు తగ్గాయంటే, డెబ్బై ఎనభై వారాల వయసు దాటాక లేయర్ ఫారాల్లో (గుడ్ల కోసమే కోళ్లను పెంచే ఫారాలు) బ్యాచ్ మొత్తాన్ని ఎత్తేస్తారు. అలా కోతకు పోతున్నవాటిలోంచి నాలుగు తెల్ల పెట్టల్ని తెచ్చుకున్నాం. మొదటి వారం నేను చేసిన తప్పల్లా వాటిని నాటుకోళ్లనుకోవడమే.

నీళ్లు ముందే ఉన్నా తాగదు
ఫారం పంజరంలో నీళ్ల గొట్టానికుండే నిపుల్‌ని పొడిస్తే చుక్క పడుతుంది. దానికి తెలిసిన నీళ్లు అవే. మా పెట్ట ఒకటి గిన్నె వదిలేసి, మెరుస్తున్న తలుపు గడియని పొడుస్తూ కూర్చుంది! ముక్కు కొన మాత్రం నీళ్లలో ముంచి వదలండి, రంధ్రాలు మునగకూడదు. ఒకటి నేర్చుకుంటే మిగతావి దాన్ని చూసి తాగుతాయి.

జొన్నలు, నూకలు వేస్తే చిమ్మేస్తుంది
పిల్లప్పుడే ముక్కు కొన కత్తిరించేస్తారు కాబట్టి నేలమీది గింజ పట్టు చిక్కదు. లోతున్న గిన్నెలో లేయర్ మాష్ (గుడ్ల కోళ్లకిచ్చే పొడి దాణా) కాస్త తడిపి పెట్టండి. మిగిలింది సాయంత్రానికి పారేయాలి, బూజు పడుతుంది. గుడ్లు పెట్టినన్నాళ్లూ మాష్ మానిపించొద్దు. ఒక్క గుడ్డు పెంకుకే దాదాపు 2 గ్రాముల కాల్షియం కావాలి, అది నూకల్లో దొరకదు.

నిలబడలేదు, రెండడుగులేసి కూలబడుతుంది
నాకు బాగా భయమేసింది ఇక్కడే. పెంకు కోసం ఎముకల్లోని కాల్షియం కరిగిపోయి ఉంటుంది, పైగా పంజరంలో నడకే లేదు. మందంగా ఊక పోసి, మేత, నీళ్లు పక్కనే పెట్టండి. మాష్‌తో పాటు గుల్ల పొడి విడిగా ఉంచండి, పొద్దుటి ఎండ తగలనివ్వండి. ఎత్తు దండెం మాత్రం వద్దు, అక్కణ్నుంచి దూకితే ఎముక విరుగుతుంది. సంతలో లాగా కాళ్లు పట్టి వేలాడదీయకండి, రెక్కలతో కలిపి రెండు చేతులా ఎత్తండి. మెడ మెలి తిరిగినా, ఆకుపచ్చగా విరేచనమైనా అది నీరసం కాదు. కొక్కెర తెగులు అయ్యుండొచ్చు, వెంటనే పశువుల డాక్టరుకు చూపించండి.

గుడ్లు ఆగాయి, ఈకలు రాలుతున్నాయి
ఫారంలో బల్బులు వేసి రోజుకు 16 గంటల వెలుతురిస్తారు. ఇంట్లో అది తగ్గేసరికి ఒళ్లు గుడ్లు ఆపి ఈకలు మార్చుకుంటుంది. మందేమీ అక్కర్లేదు. కొత్త ఈకలు సూదుల్లా పొడుచుకొస్తాయి, ముట్టుకుంటే నొప్పి, పట్టుకోకండి. బోసి ఒంటికి మధ్యాహ్నం నీడ కావాలి.

తోక దించి, నిటారుగా నిలబడి ముక్కుతోంది
గుడ్డు అడ్డుపడింది. గోరువెచ్చటి నీళ్లలో కిందిభాగం మునిగేలా పావుగంట ఉంచి, తుడిచి, చీకటి గదిలో వదలండి. కొన్ని గంటల్లో రాకపోతే ఆసుపత్రికే. నొక్కి తీయబోతే లోపల పగులుతుంది, ప్రాణం మీదికొస్తుంది.

ఇంటి కోళ్లు పొడుస్తున్నాయి
మూడు వారాలు ఎలాగూ విడిగా ఉంచాల్సిందే, ఎవరి రోగం ఎవరికంటుతుందో! తర్వాత మధ్యలో వల కట్టి వారం చూసుకోనివ్వండి. బర్డ్ ఫ్లూ వార్త వస్తే అసలు తేవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లోనే అది బయటపడింది.

పొద్దుగూకినా గూట్లోకి రాదు
దానికి గూడంటే తెలియదు, చీకటి పడ్డచోటే కునుకుతుంది. రోజూ ఎత్తి లోపల పెట్టాలి. మావి పదో రోజుకి వాటంతటవే వెళ్లాయి. అయినా లెక్కపెట్టాకే తలుపేస్తాను, గోడ వెనక ముంగిస తిరుగుతోంది.