పాపకు పట్టు పరికిణీ కుట్టించే ముందు

మా అమ్మాయి అక్షరాభ్యాసానికి బరువైన జరీ అంచు పరికిణీ కుట్టించాను. పీట మీద కూర్చున్న కాసేపటికే ఏడుపు అందుకుంది. విప్పి చూస్తే బొందు ఒరుసుకుని నడుము చుట్టూ ఎర్రగా కందిపోయింది. నా ప్రాణం ఉసూరుమంది. అప్పటి నుంచి ఏ బట్టనైనా ముందు లోపలివైపే తిప్పి చూస్తున్నాను.

జరీ వెనక దారాలను మీ ముంజేతికి రుద్దుకోండి. మీకు గుచ్చుకుంటే పాపకు ఇంకా గుచ్చుకుంటాయి. జాకెట్టుకు మెత్తని నూలు లైనింగు తప్పనిసరి. లంగాకు బొందు బదులు చేతుల్లేని నూలు బాడీ కలిపి కుట్టిస్తే బరువు భుజాల మీదికి వెళుతుంది, నడుము కోసుకోదు. పొడవు చీలమండ దాటకూడదు. అంచు పైన లోపలికి రెండు మడతలు పెట్టిస్తే పాప ఎదిగేకొద్దీ విప్పుకోవచ్చు.

ఎండాకాలం వేడుకలకు పట్టే కావాలని లేదు, మంగళగిరి నూలు హాయిగా ఉంటుంది. హోమం దగ్గర మాత్రం సింథటిక్ వద్దే వద్దు. నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఇది అసలు పట్టే అని దుకాణంవాళ్లు అంటే, స్వచ్ఛమైన పట్టుకు గుర్తుగా ఉండే సిల్క్ మార్క్ లేబుల్ చూపించమనండి.

రంగు పాపనే ఎంచుకోనివ్వండి. ముందురోజు ఇంట్లో తొడిగి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని లేవమనండి.