సిరీస్ నవలల్లో ఏది ముందు, ఏది తర్వాత

"నార్నియా ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?", "డ్యూన్‌లో ఏది మొదటిది?" మా ఇంట్లో పిల్లల దగ్గర్నుంచి ఆఫీసులో తోటివాళ్ల దాకా నన్ను అడిగేవి చాలావరకు ఇలాంటి ప్రశ్నలే. నా జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే. పుస్తకాలు ఏ వరుసలో అచ్చయ్యాయో ఆ వరుసలోనే చదవండి. కథలో ఏది ముందు జరిగిందో లెక్కలు వేసుకుని, వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి మొదలుపెట్టకండి.

వరుస కనుక్కోవడం తేలిక. పుస్తకం తెరిచి టైటిల్ పేజీ వెనక్కి తిప్పితే, కాపీరైట్ వివరాల్లో మొదటి ముద్రణ సంవత్సరం సాధారణంగా దొరుకుతుంది. మీ చేతిలో ఉన్న ప్రతి ఎప్పుడు అచ్చయిందన్నది ఇక్కడ పనికిరాదు. ఆ నవల మొట్టమొదట ఎప్పుడు వచ్చిందో చూడండి. నేనైతే ఆ సంవత్సరాన్ని లోపలి అట్ట మీద పెన్సిల్‌తో రాసుకుని, షెల్ఫులో కూడా అదే వరుసలో పెట్టుకుంటాను. పుస్తకం వెన్ను మీద వేసే 1, 2, 3 అంకెలను మాత్రం నమ్మను. ఎందుకో నార్నియా చూస్తే తెలుస్తుంది.

సి.ఎస్. లూయిస్ రాసిన ఈ ఏడు పుస్తకాల్లో మొదట వచ్చింది 1950 నాటి 'ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్'. 'ది మెజీషియన్స్ నెఫ్యూ' 1955లో, ఆరోదిగా వచ్చింది. అందులో నార్నియా అనే మాయాలోకం ఎలా పుట్టిందో ఉంది కాబట్టి ఇప్పటి సెట్లలో దానికే 1 అని వేస్తున్నారు. 1950 నవల్లో అస్లాన్ పేరు మొదటిసారి వినిపించే చోటు ఒకసారి చూడండి. ఆయనెవరో మీకు ఎంత తెలుసో కథలోని పిల్లలకూ అంతే తెలుసు అంటాడు కథకుడు. పేరు వినగానే ఎడ్మండ్‌కి ఏదో భయం పుడుతుంది, పీటర్‌కి ధైర్యం వస్తుంది, లూసీకి సెలవుల మొదటి రోజు పొద్దున్నే లేచినట్టు ఉంటుంది. ఆరో పుస్తకం ముందే చదివేసినవాళ్లకి అస్లాన్ ఎవరో తెలిసిపోయింది. ఆ పేజీ వాళ్ల కోసం రాసింది కాదు. మంచు కురుస్తున్న అడవి మధ్యలో ఒంటరిగా వెలుగుతున్న దీపస్తంభం సంగతీ అంతే. అది అక్కడికెలా వచ్చిందో తెలియకపోవడమే ఆ దృశ్యానికి ప్రాణం.

ఇందులో రచయితే నాతో ఏకీభవించలేదని చెప్పాలి. అమ్మతో ఈ విషయం మీద వాదిస్తున్న ఒక అమెరికన్ కుర్రాడికి 1957లో రాసిన ఉత్తరంలో, లూయిస్ ఆ కుర్రాడు చెప్పిన కథాకాలం వరుసకే మొగ్గు చూపారు. ఎలా చదివినా పెద్ద తేడా ఉండదేమో అని కూడా అన్నారు. ఆయనంటే నాకు చాలా గౌరవం, కానీ ఈ ఒక్క విషయంలో నేను ఆ అమ్మ పక్షమే.

ఐజాక్ అసిమోవ్ 'ఫౌండేషన్'లో తేడా ఇంకా ఎక్కువ. మొదటి మూడు పుస్తకాలు 1951, 1952, 1953ల్లో వచ్చాయి. తర్వాత దాదాపు ముప్పై ఏళ్ల విరామం. 1982లో 'ఫౌండేషన్స్ ఎడ్జ్', 1986లో 'ఫౌండేషన్ అండ్ ఎర్త్', ఆ తర్వాతే 1988లో గణితవేత్త హారీ సెల్డన్ యవ్వనం గురించి చెప్పే 'ప్రిల్యూడ్ టు ఫౌండేషన్'. 1951 పుస్తకంలో సెల్డన్ మనకి కనిపించేది కొద్దిసేపే. గెలాక్సీ సామ్రాజ్యం కూలాక రాబోయే ముప్పై వేల ఏళ్ల చీకటిని వెయ్యేళ్లకు కుదించడానికి లెక్క కట్టి ఆయన వెళ్లిపోతాడు. ఎప్పుడో చనిపోయిన మనిషి, సంక్షోభం వచ్చినప్పుడు ఒక గదిలో రికార్డు చేసిన బొమ్మగా ప్రత్యక్షమై మాట్లాడతాడు. ఆ గదిలో కూర్చున్నవాళ్ల టెన్షన్ మనకీ పట్టుకోవాలంటే, సెల్డన్ మనకి కూడా దూరంగానే ఉండాలి. కుర్రవాడిగా ఆయన తిప్పలన్నీ ముందే చదివేస్తే ఆ దూరం పోతుంది.

డ్యూన్‌కి పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965 నవలతో మొదలుపెట్టి, 1969 నాటి 'డ్యూన్ మెసయ్య' తప్పకుండా చదవండి. మొదటి పుస్తకం చదివి, అందులోని ముఖ్యపాత్ర పాల్‌ని నాయకుడిగా నెత్తిన పెట్టుకున్నవాళ్లకి రెండోది చాలా అవసరం. హెర్బర్ట్ మొత్తం ఆరు రాశారు. కొడుకు బ్రయన్ హెర్బర్ట్, కెవిన్ జె. ఆండర్సన్ కలిసి 1999 నుంచి తెచ్చిన ప్రీక్వెల్స్‌ను, అంటే అసలు కథకి ముందు జరిగింది చెప్పే పుస్తకాలను, ఆ ఆరింటి తర్వాతే పట్టుకోండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన రచయిత్రి ఉర్సులా లె గ్విన్. అచ్చయిన వరుసకి నేనింత పట్టుబట్టడానికి అసలు కారణం ఆవిడ ఎర్త్‌సీ పుస్తకాలే. 1968లో 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ', 1971లో 'ది టూంబ్స్ ఆఫ్ అటువాన్', 1972లో 'ది ఫార్దెస్ట్ షోర్'. మొదటి నవల్లో ఎర్త్‌సీ ద్వీపాల జనం చెప్పుకునే సామెతలు రెండు వస్తాయి: ఆడవాళ్ల మంత్రమంత బలహీనం, ఆడవాళ్ల మంత్రమంత దుష్టం. రోక్ ద్వీపంలోని మంత్రవిద్యాలయంలో అందరూ మగవాళ్లే. కథ దాన్ని మామూలు విషయంగా తీసుకుని సాగిపోతుంది, మనమూ సాగిపోతాం. మూడో పుస్తకం వచ్చిన 18 ఏళ్ల తర్వాత, 1990లో, 'తెహానూ' వచ్చింది. రెండో పుస్తకంలో చీకటి సమాధుల మధ్య పెరిగిన అమ్మాయి టెనార్ ఇక్కడ నడివయసు విధవరాలు. పొలం, వంట, ఒళ్లు కాలిన ఒక చిన్నపిల్ల ఆలనాపాలనా, ఇదీ ఆమె లోకం. మంత్రం ఎవరిది, బలం అంటే ఏమిటి అని లె గ్విన్ తన సొంత ప్రపంచాన్నే మళ్లీ ప్రశ్నించుకున్నారు. ఒక రచయిత్రి తను కట్టిన ఇంటి పునాదిని తనే తవ్వి చూడటం ఇందులో కనిపిస్తుంది. ముందు మూడూ నమ్మి చదివినవాళ్లకే ఆ తవ్వకం గట్టిగా తగులుతుంది.

అందుకని ఎర్త్‌సీకి నా సలహా ఇది. మొదటి మూడూ వెంటవెంటనే చదవండి. తర్వాత ఆపి, కొన్ని నెలలు వేరే పుస్తకాలు చదువుకుని, అప్పుడు 'తెహానూ' తెరవండి. 2001లో రెండు వచ్చాయి. వాటిలో కథల సంపుటి 'టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ' ముందు, 'ది అదర్ విండ్' తర్వాత. సంపుటిలో చివరి కథ 'డ్రాగన్‌ఫ్లై' దాటకుండా ఆఖరి నవలకి వెళ్లొద్దు, 'తెహానూ'కీ ఆ నవలకీ మధ్య వంతెన అదే.

మధ్యలో వచ్చే ప్రీక్వెల్స్‌కీ ఇదే సూత్రం. రాబర్ట్ జోర్డాన్ 'వీల్ ఆఫ్ టైమ్'లో 'న్యూ స్ప్రింగ్' కథ అన్నిటికన్నా ముందు జరుగుతుంది, కానీ నవలగా వచ్చింది 2004లో, పదో పుస్తకం తర్వాత. అక్కడే చదవండి.

ఈ సూత్రం పనిచేయని చోటు కూడా ఉంది. టెర్రీ ప్రాచెట్ డిస్క్‌వరల్డ్‌లో 1983 నుంచి 2015 దాకా 41 నవలలు వచ్చాయి. మొదటి రెండూ ఆయన చెయ్యి తిరగక ముందువని నా అభిప్రాయం. వాటితో మొదలుపెట్టి, ఇంతేనా అనుకుని వదిలేసినవాళ్లు నాకు తెలుసు. ఇందులో పాత్రల గుంపులు వేరువేరు, ఒక గుంపు పట్టుకుని వెళ్లొచ్చు. నగర కాపలాదారుల కథలకి 1989 నాటి 'గార్డ్స్! గార్డ్స్!', మృత్యువు పాత్ర కోసం 1987 నాటి 'మోర్ట్' మంచి ద్వారాలు. గుంపు లోపల మాత్రం మళ్లీ అచ్చయిన వరుసే.

ఇంకొక చిన్న జాగ్రత్త. పాత నవలల కొత్త ముద్రణల్లో వేరేవాళ్లు రాసిన ముందుమాటలు ఉంటాయి. కథంతా తెలిసినవాళ్లని ఉద్దేశించి రాసేవి కాబట్టి చాలావాటిలో ముగింపు బయటపడిపోతుంది. నేను వాటిని చివర్లో చదువుతాను.

ఇప్పటికే తప్పు వరుసలో మొదలుపెట్టేసి ఉంటే? 'మెజీషియన్స్ నెఫ్యూ' మధ్యలో ఉన్నవాళ్లు ఆపక్కర్లేదు, అది పూర్తిచేసి 1950 పుస్తకానికి వెళ్లండి. 'ప్రిల్యూడ్ టు ఫౌండేషన్' మధ్యలో ఉన్నవాళ్లు మాత్రం ఆపేయండి. దాని చివర్లో తెలిసే విషయం 1986 నవల ముగింపుతో ముడిపడి ఉంది. ఉన్నచోట గుర్తు పెట్టుకుని, ముందు 1951 పుస్తకం అందుకోండి.