ఆయిల్ ఫిల్టర్ మార్చాక బండిలో తేడా వచ్చిందా?

పొద్దున్నే బండి తీయబోతే ఇంజిన్ కింద నేల మీద రూపాయి బిళ్ళంత నూనె మరక. నిన్ననే ఆయిల్ మార్చారు, ఫిల్టర్ కూడా మార్చారు. ఫిల్టర్ కంపెనీది కాదు, బయటిది. ఇక ఎవరిని అడిగినా మొదటి మాట ఒకటే: “బయటి ఫిల్టర్ వేస్తే ఇంతే అన్నా!”

పదేళ్ళుగా నా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి, మా తమ్ముడి పల్సర్‌కి, ఇద్దరు ముగ్గురు స్నేహితుల బళ్ళకి ఆయిల్ నేనే మారుస్తున్నాను. బయటి ఫిల్టర్లు చాలా వేశాను. ఇబ్బంది పెట్టినవీ ఉన్నాయి. కానీ విప్పి చూసినప్పుడల్లా తప్పు ఎక్కువగా ఫిల్టర్ కాగితంలో లేదు. రబ్బరు రింగులోనో, బిగించిన తీరులోనో, పార్ట్ నంబరులోనో దొరికింది. అందుకే ఫిల్టర్‌ని తీసి పారేసే ముందు లక్షణాన్ని పట్టుకుని కారణం దాకా వెళ్ళండి.

ముందుగా మీ బండిలో ఏ రకం ఉందో తెలియాలి. కొన్ని బళ్ళలో ఇంజిన్ పక్కన చిన్న కవర్ విప్పితే లోపల మడతల కాగితం ఫిల్టర్ ఉంటుంది. నా క్లాసిక్‌లో ఉన్నది ఇదే. కొన్నిటికి రేకు డబ్బా మొత్తాన్నీ మర తిప్పి ఎక్కిస్తారు, దాన్ని స్పిన్-ఆన్ అంటారు. 2018లో వచ్చిన ఇంటర్‌సెప్టర్ 650లో ఉన్నది ఈ రకం. స్ప్లెండర్ లాంటి 100 సీసీ బళ్ళలో అసలు కాగితం ఫిల్టరే ఉండదు. లోపల ఒక జాలీ, తిరుగుతూ మడ్డిని అంచుకు నెట్టే ఒక రోటర్, అంతే. స్ప్లెండర్‌కి ఆయిల్ ఫిల్టర్ మార్చామని ఎవరైనా బిల్లు వేస్తే ఏం మార్చారో చూపించమని అడగండి.

ఆయిల్ లైటు ఆరడం లేదు, లేదా పైన టకటక శబ్దం తగ్గడం లేదు

దీన్ని ముందు చెప్పడానికి కారణం ఉంది. మిగతావి చాలావరకు సాయంత్రం చూసుకోవచ్చు. ఇది మాత్రం ఉన్నచోటే ఇంజిన్ ఆపాల్సిన విషయం.

ఫిల్టర్ మార్చాక మొదటిసారి స్టార్ట్ చేస్తే ఖాళీ ఫిల్టర్ నిండటానికి కొద్ది సెకన్లు పడుతుంది. ఆ కాసేపు లైటు వెలిగి ఆరిపోతే కంగారు అక్కర్లేదు. పది సెకన్లు దాటినా లైటు ఆరకపోతే, లైటు లేని బళ్ళలో ఇంజిన్ పైభాగాన వాల్వుల దగ్గరుండే టాపెట్ల శబ్దం పెరుగుతూ పోతే, కీ తిప్పి ఆపేయండి. ఒక్కసారి రేజ్ చేసి చూద్దాం అనుకోవద్దు. వాల్వులను తెరిచే క్యామ్, రాకర్లు నూనె లేకుండా తిరిగితే పోయేది ఫిల్టర్ ఖరీదు కాదు, ఇంజిన్ పైభాగమైన హెడ్ ఖరీదు.

కారణాల్లో మొదటిది చాలా మామూలుది: పాత ఆయిల్ దించి కొత్తది తక్కువ పోయడం. లెవెల్ సరిగ్గానే ఉంటే రెండోది చూడండి, ఫిల్టర్ తిరగేసి పెట్టడం. కాగితం ఫిల్టర్లలో చాలావాటికి ఒక వైపు రంధ్రం, ఇంకో వైపు మూసిన మూత ఉంటాయి. నూనె కాగితం బయటి నుంచి లోపలి గొట్టంలోకి వడకట్టుకుని, ఆ రంధ్రం గుండా ఇంజిన్‌లోకి వెళ్ళాలి. తిరగేస్తే మూసిన వైపు దారికి అడ్డం పడుతుంది. కొన్ని ఫిల్టర్ల మీద ఏ వైపు బయటికి ఉండాలో ‘అవుట్ సైడ్’ అని అచ్చు వేసి ఉంటుంది. బయటి ఫిల్టర్లలో ఆ అచ్చు ఉండకపోవచ్చు. అందుకే పాతది బయటికి లాగే ముందే ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. స్ప్రింగ్ ఉంటే అది ఫిల్టర్‌కి ఏ వైపు ఉందో కూడా ఫొటోలో పడాలి. ఆ స్ప్రింగ్ పాత ఫిల్టర్‌కి అంటుకుని చెత్తబుట్టలోకి పోయిన సందర్భం నేను చూశాను.

మూడోది నాసిరకం ఫిల్టర్ కుప్పకూలడం. మంచి ఫిల్టర్ మధ్యలో రంధ్రాలున్న గట్టి గొట్టం ఉంటుంది, నూనె ఒత్తిడికి కాగితం లోపలికి నలిగిపోకుండా ఆపేది అదే. కొన్ని చౌక ఫిల్టర్లలో ఆ గొట్టం పల్చగా ఉంటుంది. మా తమ్ముడి పల్సర్‌లోంచి అలాంటిది ఒకటి తీశాను. మడతలన్నీ ఒక పక్కకి వాలి, నానిన అప్పడంలా మెత్తబడి, అంచున జిగురు ఊడి మూత వేలాడుతోంది. ఆ సందులోంచి నూనె వడకట్టకుండానే వెళ్తోంది. అదృష్టం కొద్దీ కాగితం ముక్క ఏదీ లోపలికి పోలేదు.

పరిష్కారం: ఆయిల్ లెవెల్ చూసి, కవర్ విప్పి, ఫిల్టర్ దిశ, స్ప్రింగ్, రబ్బర్లు సరిచూడండి. కొత్త ఫిల్టర్‌ని కొంచెం కొత్త ఆయిల్‌తో తడిపి పెట్టండి. అప్పటికీ లైటు ఆరకపోతే బండిని నడపకుండా ఆటో మీద ఎక్కించి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి. తిరగేసిన ఫిల్టర్‌తో చాలా దూరం నడిపి ఉంటే ఫిల్టర్ సరిచేసి వదిలేయకుండా టాపెట్ కవర్ తీయించి క్యామ్ మీద గీతలేమైనా పడ్డాయేమో చూపించుకోండి.

కవర్ దగ్గర నూనె చెమ్మ, కింద చుక్కలు

నా సొంత బండికి జరిగింది ఇదే. మా ఊళ్ళో ఒక స్పేర్స్ షాపులో ఫిల్టర్ కొన్నాను. ప్యాకెట్‌లోనే ఓ-రింగులు (కవర్ కింద నూనె కారకుండా ఆపే గుండ్రటి రబ్బరు రింగులు) ఉన్నాయి. శుభ్రంగా బిగించాను, 40 కిలోమీటర్లు తిరిగి వచ్చేసరికి కవర్ అంచున దుమ్ము తడిసి నల్లటి గీత కట్టింది. బోల్టులు ఇంకో పావు తిప్పు బిగించాను. చెమ్మ తగ్గలేదు.

విప్పి పాత ఓ-రింగునీ కొత్తదాన్నీ అరచేతిలో పక్కపక్కన పెట్టుకున్నాను. పైకి రెండూ ఒకే సైజు. వేళ్ళతో నొక్కి చూస్తే కొత్తది సన్నగా తగిలింది. గాడిలో కూర్చోబెట్టి చూస్తే పాతది అంచుకన్నా పైకి ఉబ్బి నిలబడింది, కొత్తది గాడికి సమానంగా ఉంది. ఇక కవర్ దాన్ని నొక్కేదెక్కడ? కంపెనీ ఓ-రింగు ఒక్కటి తెచ్చి వేశాను, ఫిల్టర్ మాత్రం అదే ఉంచాను. తర్వాతి సర్వీసు దాకా ఒక్క చుక్క రాలేదు.

అప్పటి నుంచి నాకు ఒక అలవాటు. బయటి ఫిల్టర్ కొన్నా, ఓ-రింగులు మాత్రం విడిగా కంపెనీవే కొని ఉంచుకుంటాను. ఫిల్టర్ ధరతో పోలిస్తే అవి తక్కువే.

చెమ్మ వస్తోందని సిలికాన్ గమ్ పూయవద్దు. ఓ-రింగు ఉండే చోట గమ్‌కి పనిలేదు. బిగించినప్పుడు లోపలికి పొంగిన గమ్ ఎండి, తునిగి, నూనె దారుల్లో అడ్డం పడుతుంది. రింగుకి కొంచెం కొత్త ఆయిల్ రాసి, గాడిలో మెలిక పడకుండా కూర్చోబెట్టండి, చాలు.

బోల్టుల విషయంలోనూ అంతే. ఇవి చాలా బళ్ళలో 6 మి.మీ. బోల్టులు, ఎక్కేది అల్యూమినియంలోకి. సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది, అంటే చిన్న రాచెట్‌ని మణికట్టు బలంతో తిప్పినంత. లీకు ఆగలేదని పొడుగు పానాతో తిప్పితే మర కొట్టుకుపోతుంది. బోల్టు ఎంత తిప్పినా బిగుసుకోకుండా తిరుగుతూనే ఉంటే ఇక ఆపేయండి, హెలికాయిల్ (పాడైన మర స్థానంలో వేసే తీగ చుట్ల కొత్త మర) వేయించాలి. లావు బోల్టు దిగ్గొట్టమని సలహా ఇస్తే ఒప్పుకోవద్దు.

స్పిన్-ఆన్ ఫిల్టర్ ఉన్న బండికి అయితే ఇంకో కారణం ఉంది, అది ప్రమాదకరం. పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు రింగు కొన్నిసార్లు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. నల్లటి రబ్బరు, నల్లటి మడ్డి, కంటికి ఆనదు. దాని మీద కొత్త ఫిల్టర్ ఎక్కిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. స్టాండ్ మీద ఉన్నప్పుడు ఏమీ కాకపోవచ్చు. రోడ్డెక్కి ఒత్తిడి పెరిగాక పై రింగు పక్కకి జారి నూనె బుస్సున చిమ్ముతుంది. అది వెనక టైరు మీద పడిందంటే మలుపులో బండి చేతిలో ఉండదు. కాబట్టి పాత ఫిల్టర్ చేతికి రాగానే తిరగేసి దాని రింగు దానికే ఉందా అని చూడండి. ఇంజిన్ ముఖాన్ని గుడ్డతో తుడిచి వేలితో చుట్టూ తడమండి.

కొత్తదాని రబ్బరుకి ఆయిల్ రాసి చేత్తో తిప్పండి. రబ్బరు ఇంజిన్‌కి తగిలాక డబ్బా మీద ఎంత రాసి ఉంటే అంత తిప్పాలి, మామూలుగా అది ముప్పావు చుట్టు. కొన్ని బయటి ఫిల్టర్ల తల మీద 17 మి.మీ. నట్ ఉంటుంది. అది విప్పేటప్పుడు చేతికి సాయంగా ఇచ్చింది. దాంతో బిగిస్తే డబ్బా మీద అతుకు చిట్లే అవకాశం ఉంది.

చుక్కలు అసలు ఫిల్టర్ దగ్గరివేనా అన్నది కూడా చూసుకోవాలి. పాత ఆయిల్ దించడానికి విప్పే డ్రెయిన్ బోల్టుకి వాషర్ పాతదే తిరిగి వేస్తే అక్కడి నుంచి కారిన నూనె గాలికి వెనక్కి పాకి ఫిల్టర్ కిందే కారినట్టు కనిపిస్తుంది. ఇంజిన్ కింది భాగం అంతా తుడిచి, కాస్త టాల్కం పౌడర్ చల్లి, ఐదు నిమిషాలు ఇంజిన్ నడిపితే తడి ఎక్కడ మొదలవుతోందో తెల్లటి పౌడర్ మీద స్పష్టంగా కనిపిస్తుంది.

ఫిల్టర్ ఎక్కింది కానీ వదులుగా ఉంది

స్పిన్-ఆన్‌లకి మాత్రమే. జపాన్ బళ్ళకి వచ్చే ఫిల్టర్లు చాలావాటికి మర 20 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. పిచ్ (మరలో చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం). కార్ల ఫిల్టర్లలో ముప్పావు ఇంచు వ్యాసం, ఇంచుకి 16 చుట్ల మర ఎక్కువ. ముప్పావు ఇంచు అంటే 19.05 మి.మీ. పిచ్‌లు కూడా దగ్గరగా ఉండటంతో 20 మి.మీ. ఫిల్టర్ ఆ ముప్పావు ఇంచు స్టడ్ (ఇంజిన్‌కి ఉండే మర కడ్డీ) మీదికి తిరిగి ఎక్కేస్తుంది, బిగుసుకున్నట్టే అనిపిస్తుంది. కానీ మర పూర్తిగా పట్టదు, ఒత్తిడికి ఊడిపోవచ్చు. రబ్బరు తగలకముందు ఫిల్టర్‌ని అటూ ఇటూ ఊపితే బాగా కదులుతోందా, దాన్ని తిరిగి ఇచ్చేయండి. చూడ్డానికి ఒకేలా ఉందని కొనవద్దు. బండి మోడల్, తయారైన సంవత్సరం చెప్పి, ఫిల్టర్ కంపెనీ పట్టికలో నంబరు సరిచూసుకుని కొనండి.

పొద్దున్నే స్టార్ట్ చేయగానే గలగల, తర్వాత మామూలే

ఒకటి రెండు సెకన్ల శబ్దం రాత్రంతా ఆగిన ఇంజిన్‌కి సహజం. ఫిల్టర్ మార్చాకే అది నాలుగైదు సెకన్లకి పెరిగిందంటే స్పిన్-ఆన్ లోపలి రబ్బరు వాల్వును అనుమానించాలి. ఇంజిన్ ఆగాక ఫిల్టర్‌లోని నూనె కిందికి జారిపోకుండా ఆపేది ఆ వాల్వే. రబ్బరు గట్టిపడితే సరిగ్గా మూసుకోదు. కొనేటప్పుడే ఫిల్టర్ నోట్లోని చిన్న రంధ్రాల్లోంచి శుభ్రమైన పుల్లతో మెల్లగా నొక్కి చూడండి, రబ్బరు వెంటనే తిరిగి పైకి రావాలి. కాగితం ఫిల్టర్‌లో ఈ వాల్వు ఉండదు కనుక, ఆ బళ్ళలో ఈ శబ్దం వస్తే టాపెట్ క్లియరెన్స్ (టాపెట్ల దగ్గర ఉండాల్సిన సందు), ఆయిల్ లెవెల్ చూపించుకోండి.

క్లచ్ జారుతోంది

దీనికి ఫిల్టర్‌తో సంబంధం లేదు. ఫిల్టర్‌తో పాటు పోసిన ఆయిల్ డబ్బా తీసి చూడండి. గేర్ల బండిలో క్లచ్ ఇంజిన్ నూనెలోనే తడుస్తుంది కాబట్టి డబ్బా మీద జాసో (జపాన్ ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ అని ఉన్నది స్కూటర్లకి. పొరపాటున అది పోస్తే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుంది కానీ బండి వేగం అందుకోకపోవచ్చు. ఆయిల్ దించేసి సరైనది పోయడమే మార్గం.

ఎయిర్ ఫిల్టర్ బాక్సులో నూనె

బహుశా ఆయిల్ ఎక్కువైంది. మాన్యువల్‌లో రెండు కొలతలు ఉంటాయి: ఫిల్టర్ మారిస్తే ఒకటి, మార్చకపోతే ఒకటి. రెండింట్లో తక్కువది పోసి, రెండు నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆపి ఐదు నిమిషాలు ఆగి, బండిని నిటారుగా పట్టుకుని ఇంజిన్ పక్కనున్న చిన్న గాజు కిటికీలో లెవెల్ చూడండి. తగ్గితే కొంచెం కొంచెంగా కలపండి. సైడ్ స్టాండ్ మీద వాలి ఉన్నప్పుడు చూసిన లెవెల్ లెక్కలోకి రాదు.

కొనేటప్పుడు

పేరున్న బ్రాండు నకిలీ కూడా దొరుకుతుంది, అది బ్రాండు లేనిదానికన్నా ప్రమాదం. హైదరాబాద్ పుత్లీబౌలిలో కొన్నా, విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా పెట్టె మీద తయారీదారు చిరునామా, తయారైన నెల, సంవత్సరం, ఎమ్మార్పీ ఉన్నాయా అని చూసి బిల్లు తీసుకోండి. పెట్టె తెరిచి మడతలు సమానంగా ఉన్నాయా, మూత వంకరగా అతికిందా, లోపలి గొట్టం బొటనవేలితో నొక్కితే సొట్ట పడుతోందా చూడండి. బండి వారంటీలో ఉంటే ఈ ప్రయోగాలు వద్దు, కంపెనీ ఫిల్టరే వేయించండి.

తీసిన పాత కాగితం ఫిల్టర్‌ని అలాగే పారేయకండి. రెండు మూతల దగ్గరా బ్లేడుతో కోసి, కాగితాన్ని పాత పేపర్ మీద పరిచి, ఎండలో తిప్పి చూడండి. కొత్త బండి మొదటి సర్వీసులో సన్నటి మెరుపు సహజం. ఆ తర్వాత కంటికి ఆనే రేకు ముక్కలు ఉంటే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము, గేర్లో బేరింగులో అరుగుతున్నట్టు. అంటుకోకపోతే అల్యూమినియం కావచ్చు. ఆ కాగితాన్ని కవర్లో పెట్టి మెకానిక్‌కి చూపించండి. దించిన ఆయిల్‌ని కాలువలో పోయకుండా పాత డబ్బాలోనే నింపి గ్యారేజీకి ఇవ్వండి.

కొత్త ఫిల్టర్ వేశాక మొదటి 20 కిలోమీటర్లకి ఆగి, ఇంజిన్ చల్లబడ్డాక ఒక టిష్యూతో కవర్ అంచు చుట్టూ తుడవండి. టిష్యూ పొడిగా వస్తే మళ్ళీ 100 కిలోమీటర్ల దగ్గర ఒకసారి తుడిచి చూస్తే చాలు.